కాశేళి ఖాడీలో పడవ కేబుళ్లు

భివండి పేరు చెప్పగానే మన పాఠకుల చెవిలో ముందుగా మోగేది సాంచాల చప్పుడు. దేశంనుంచి చుట్టాలు వచ్చినప్పుడు మొదటి రెండు రాత్రులు వారికి నిద్ర పట్టదు. మూడవ రాత్రి కరెంటు పోయి సాంచాలు ఆగినవంటే మనకు నిద్ర పట్టదు. ఇటువంటి ఊరికి పది కిలోమీటర్లలోపల పోటూ పాటూ గల ఉప్పునీటి ఖాడీ ఒకటి ఉన్నదనీ, అందులో పడవలు తిరుగుతాయనీ మనవాళ్ళలో ఎందరికి జ్ఞాపకం ఉంటుంది? మేమే ఈ ఊళ్ళో పుట్టి పెరిగి, నలభై యేళ్ళు దాటిన తరువాత గదా ఆ పడవలలో ఒకదాని కడుపులో తల దూర్చి చూశాము! అదైనా సరదాకు కాదు. ఎందుకో చెప్పేముందు దారి చెప్పాలి.

పద్మనగర్‌లో బయలుదేరి ధామణకర్ నాకా దాటితే అంజూర్ ఫాటా వస్తుంది. ఆ అంజూరు చిన్న ఊరే గాని చరిత్రలో దానికి పెద్ద పేరున్నది. పోర్చుగీసువారి బాధలు పడలేక ఆ ఊరి నాయకులు పీష్వాను ఆశ్రయించగా, 1737లో చిమాజీ అప్పా దండు కదిలింది. 1739లో వసాయి కోట మరాఠాల చేతికి వచ్చింది. ఇప్పుడు అంజూర్ ఫాటాలో నిలబడి చూస్తే చరిత్ర కనిపించదు, కనిపించేవి లారీలే. రహనాళ్, పూర్ణా, కాల్హేర్ వరకు రోడ్డుకు రెండు వైపులా గోదాములు. దేశమంతటికీ చేరవలసిన సామాను సగం ఇక్కడే మూటలు కట్టి ఉన్నదా అనిపిస్తుంది. కాల్హేర్ దాటితే కాశేళి, కాశేళి వంతెన దాటితే ఠాణా. షేర్ రిక్షాలో పోయేవారు ఈ వంతెనమీద ముక్కు మూసుకోవడమో, ఫోను చూసుకోవడమో తప్ప కిందికి చూడరు. చూస్తే ఒకవైపు బొంబాయికి నీళ్ళు మోసే పెద్ద గొట్టాలు, మరొకవైపు కొత్తగా లేచిన మెట్రో స్తంభాలు, నడుమ బురదరంగు నీళ్ళు, అంచున మడచెట్లు. ఖండాలా కొండల వైపు పుట్టి, కర్జత్, బదలాపూర్, కళ్యాణ్ మీదుగా వచ్చే ఉల్హాస్ నది ఇక్కడికి వచ్చేసరికి సముద్రం పోటు తగిలి ఖాడీ అవుతుంది. వానాకాలం పోయిన తరువాత పైనుంచి గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా కొట్టుకొని వస్తుంది.

ఈ ఒడ్డున ఒక తాండేల్ ఉన్నాడు. ఇక్కడి కోలీలు పడవ నడిపే పెద్దను తాండేల్ అంటారు. మన శ్రీకాకుళం వైపు జాలరులది కూడా ఇదే మాట. ఇంత దూరంలో ఈ రెండు ఒడ్లకూ ఒకే మాట ఎట్లా వచ్చినదో గాని, విన్నప్పుడు మాకు ముచ్చట వేసింది. మా బావ తండ్రి, అనగా మాకు మామ, ఈ తాండేల్‌కు పాత స్నేహితుడు. మామ కరీంనగరు జిల్లానుంచి షోలాపూరు వచ్చి, అక్కడినుంచి భివండి చేరి, నలభై యేళ్ళు సాంచాలు నడిపాడు. ప్రతి ఆదివారం ఖాడీ ఒడ్డుకు పోయి తాండేల్ వద్ద పీతలు కొనేవాడు. ఈయనకు మరాఠీ అంతంతమాత్రం, ఆయనకు తెలుగు బొత్తిగా రాదు. అయినా గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. ఏమి మాట్లాడుకునేవారో ఆ పీతలకే తెలియాలి.

మామ పోయే ముందు ఒక మాట చెప్పి పోయాడు. “నా అస్తికలు సగం ధర్మపురి గోదార్ల కలపుండ్రి. సగం గీ కాశేళి నీళ్ళల్ల కలపుండ్రి. నా బువ్వ గీడిదే గద.”

అందుచేత పదకొండవనాడు పెద్దలమూ పిల్లలమూ కలిసి తొమ్మిదిమందిమి తాండేల్ పడవ ఎక్కాము. పడవ ఫైబరుది, వెనుక తగిలించే జపాను ఇంజను. అలీబాగ్ వైపు షికారు పడవగా తిరిగి తిరిగి, చేతులు మారి, ఇక్కడికి వచ్చింది. నడిపేవాని కుడిచేతి పక్కన ఒకటే హ్యాండిలు ఉంటుంది. నిటారుగా ఉంటే న్యూట్రల్. కొంచెం ముందుకు తోస్తే ముందు గేరు పడుతుంది. ఇంకా తోస్తే వేగం పెరుగుతుంది. వెనక్కు లాగితే వెనుక గేరు. ఈ ఒక్క హ్యాండిలునుంచి రెండు కేబుళ్లు పడవ పక్కగోడ లోపలినుంచి ఇంజను వరకు పోతాయి. ఒకటి గేరుకు, ఒకటి వేగానికి. ఈ సంగతి మాకు ఆనాడు తెలియదు. ఎర్రగుడ్డ కట్టిన ముంతను బావ ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు; మేము చిన్నపిల్లను పట్టుకొని కూర్చున్నాము.

నడి ఖాడీ చేరి, వేగం తగ్గించబోయేసరికి హ్యాండిలు రాలేదు. తాండేల్ ఒక చేత్తో లాగాడు, రెండు చేతులతో లాగాడు. ఇంజను అదే కేకతో పోతూనే ఉన్నది. ఎదుట నీళ్ళగొట్టాల స్తంభం. తాండేల్ వంగి తాళంచెవి తిప్పేసరికి ఇంజను ఆగింది గాని, పడవ ఆగుతుందా? పాటు నీరు దానిని స్తంభం వైపుకే ఈడ్చింది. తాండేల్ కొడుకు వెదురుగడ అడ్డం పెట్టాడు, బావ కాలు అడ్డం పెట్టబోయాడు, మేము చెయ్యి అడ్డం పెట్టి రెండు వేళ్ళు నలగ్గొట్టుకున్నాము. పడవ అంచు గీసుకొని పక్కకు తిరిగింది. ఎవరికీ ప్రాణాపాయం కలుగలేదు. ఆడవాళ్ళు ఏడుపు ఆపిన తరువాత గడలతో తోసుకుంటూ ఒడ్డుకు వచ్చాము. ముంత కలపలేదు. ఇంటికి తీసుకొనిపోరాదు గనుక ఒడ్డునున్న రావిచెట్టు కొమ్మకు కట్టి వచ్చాము.

ఆ రాత్రి చుట్టాలందరూ ఒకటే మాట: “నాసిక్ పోదాం. గోదారి ఆడ గూడ ఉన్నది గద.” సబబైన మాటే. త్ర్యంబకంలో పుట్టిన గోదావరే గదా మన ధర్మపురికి వచ్చేది. మరొక పడవ మాట్లాడుకోవచ్చునని మేమూ అన్నాము. బావ రెండింటికీ ఒప్పుకోలేదు. “నాయిన జెప్పిన నీళ్ళు గవి. నాయిన దోస్తుది గా పడవ. గది మంచిగ జేసినంకనే కలుపుత” అన్నాడు. బావ ముప్పై యేళ్ళుగా సాంచాల జాబరు. పాడైన యంత్రాన్ని వదిలి పక్క యంత్రం దగ్గరికి పోవడం ఆయన స్వభావంలో లేదు.

ఆదివారం మేమిద్దరమూ ఒడ్డుకు పోయాము. తాండేల్ ముఖం ఎత్తలేక కూర్చున్నాడు. పాత యజమాని ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉన్నది, ఎవరూ చదవలేదు. మా పని అది. ఆఫీసులో ఇంగ్లీషు బిల్లులు చదివే మనిషిమి గనుక బావకు తెలుగులోనూ, తాండేల్‌కు మరాఠీలోనూ చెప్పే బాధ్యత మామీద పడింది.

బావ మొదట అన్న మాట, “గిదేంది, ఆటో యాక్సిలేటర్ వైరే గద! నాకాల నూరు రూపాలకు దొరుకుతది.” తాండేల్ కొడుకు కూడా అదే ఆలోచనలో ఉన్నాడు. తీరా పుస్తకం చూస్తే అది వేరు, ఇది వేరు. గొట్టంలో తీగ పెట్టి దూరంనుంచి లాగే ఉపాయానికి ఎర్నెస్ట్ బౌడెన్ అనే ఆయన 1896లో పేటెంటు తీసుకున్నాడు. సైకిలు బ్రేకు, స్కూటరు క్లచ్చి, ఆటో వైరు అన్నీ ఆ కుటుంబమే. అవి లాగడానికే పనికివస్తాయి. వదిలితే అవతలి స్ప్రింగు వెనక్కు తెచ్చుకుంటుంది. పడవ కేబులు లాగాలి, తోయాలి కూడా. ముందు గేరుకు తోస్తే వెనుక గేరుకు లాగాలి గదా! మెత్తటి తీగతో తోస్తే అది లోపలే ముడుచుకుంటుంది. అందుకని దీని లోపలి తీగ బిరుసుగా ఉంటుంది, చివర్లలో కడ్డీలు ఉంటాయి, మొత్తం తొడుగు నీరు దిగకుండా మూసి ఉంటుంది. ఈ మాట వినగానే బావ ఆటో వైరు ప్రస్తావన మానుకున్నాడు. తప్పు తెలిసిన వెంటనే మానుకోగల జాబర్లు అరుదు సుమా!

తరువాత తప్పు ఎక్కడ ఉన్నదో పట్టాలి. హ్యాండిలు బిగిసినంతమాత్రాన కేబులే చెడినదని చెప్పలేము. ఇంజనులో కొక్కెం బిగిసి ఉండవచ్చు, హ్యాండిలు పెట్టెలో పళ్ళు పట్టి ఉండవచ్చు. పుస్తకం చెప్పిన ఉపాయం తేలికైనది. ఇంజను వైపు రెండు కేబుళ్లూ విప్పాము. ఇంజను మీది కొక్కేలను వేలితో కదిపితే తేలికగా కదిలాయి. హ్యాండిలు మాత్రం బిగుసుకొనే ఉన్నది. అంటే ఇంజను నిర్దోషి. తరువాత పెట్టె వైపు కూడా విప్పి చూస్తే హ్యాండిలు వదులైంది. ఇక దొంగ దొరికాడు. వేగం కేబులు రాయిలాగా పట్టుకొని ఉన్నది. గేరు కేబులు కదులుతున్నది గాని గరగరమంటున్నది. పెట్రోలు టాంకు మూలన కేబుళ్లు రెండూ మడత పడినట్లు వంగి, అక్కడ పై తొడుగు పగిలి, ఉప్పునీరు లోపలికి దిగి, చివరి కడ్డీలమీద తుప్పు పొరలు పొరలుగా లేచింది.

“నూనె బొయ్యలే?” అని అడిగాడు బావ. తాండేల్ కొడుకు ఉత్సాహంగా, ప్రతి నెలా మిషను నూనె పోస్తూనే ఉన్నానని చెప్పాడు. పుస్తకంలో ఆ పుటకు వచ్చేసరికి మాకు చెప్పడానికి నోరు రాలేదు. ఈ కేబుళ్ల లోపల జారుడు పొర తయారీలోనే వేసి మూస్తారు. నూనె గాని, గ్రీజు గాని లోపలికి పోయరాదు. పోస్తే మురికి పట్టి, కొంతకాలానికి గట్టిపడి, తీగను మరింత పట్టుకుంటుంది. గ్రీజు బయట కనిపించే కడ్డీలకూ, కీళ్ళకూ మాత్రమే. బావ జీవితమంతా నూనెడబ్బాతో నడిచినది. ఏ సాంచా మూలిగినా ముందు నూనె, తరువాత విచారణ. ఆయన ఆ పుట రెండుసార్లు చదివించుకొని, “ఇంగ్లీషోడు రాసిండంటే నిజమే ఉంటది” అని మాత్రం అన్నాడు.

ఇక్కడ తాండేల్ ఒక బేరం పెట్టాడు. బిగిసినది ఒకటే గదా, అది ఒకటి మార్చితే చాలదా, గేరుది వచ్చే సంవత్సరం చూసుకుందాము అని. ఖర్చు వేలలో మాట. మేమూ క్షణం ఊగాము. బావ మాత్రం ఇట్లా అన్నాడు: “సాంచల పేక తెగితే ఫోర్కు చూసుకుంటది, సాంచ తనంతట నిలవడ్తది. అయినా పడుగు పోగు తెగితే నిలవడదు, మనిషే చూడాలె. గీ పడవల తీగ తెగితే నిలవెట్టేటోడు ఎవడున్నడు? రెండు గూడ ఒక్కనాడే పుట్టినయి, ఒక్క ఉప్పునీళ్ళే తాగినయి.” ఇంతకన్న బాగా ఆ పుస్తకం కూడా చెప్పలేదు. నిజమే, పడవకు బ్రేకులు లేవు. వెనుక గేరే దాని బ్రేకు. గేరు కేబులు తెగితే పడవ ఏ గేరులో ఉన్నదో ఆ గేరులోనే ఉండిపోతుంది. రేవు దగ్గరపడుతుంటే వెనక్కు లాగడానికి ఏమీ ఉండదు. ఇది విన్న తరువాత తాండేల్ మారు మాట్లాడక లోపలికి పోయి, భార్యతో ఏదో చెప్పి, డబ్బు తెచ్చి బావ చేతిలో పెట్టాడు. సగం. మిగతా సగం బావ వేశాడు.

ఇక కొలత. మామూలుగా కేబులు తొడుగుమీదే పొడవూ నంబరూ అచ్చు వేసి ఉంటాయి; మనది ఉప్పుకు చెరిగిపోయింది. సరే, టేపు తెచ్చి హ్యాండిలు పెట్టెనుంచి ఇంజను వరకు మేము కొలిచి, పదకొండు అడుగులని చీటీమీద వ్రాసుకున్నాము. ఆఫీసు మనిషి చీటీ గదా, అనుమానం లేదు!

మరునాడు సెలవు పెట్టి బావతో బొంబాయి బయలుదేరాము. ఠాణాలో లోకలు ఎక్కి, కుర్లాలో హార్బరు బండి మారి, రే రోడ్డులో దిగితే దారూఖానా. పాత ఓడలు విప్పి అమ్మిన సామాను ఇక్కడి వీధుల్లో గుట్టలుగా ఉంటుంది. ఓడ కిటికీలు, ఓడ గడియారాలు, ఓడ వంటింటి పళ్ళాలు. బావ ప్రతి గుట్ట దగ్గరా ఆగిపోతూ ఉంటే ఆయన్ని చెయ్యి పట్టుకొని లాక్కొని పోవలసి వచ్చింది. కేబుళ్లు పాతవి కూడా అగ్గువకు దొరుకుతాయన్నారు. మేము వద్దన్నాము, ఎవరి ఉప్పునీళ్ళు తాగినవో ఎవరికి తెలుసు? కొత్తవి అమ్మే దుకాణంలో పెద్దమనిషి మూడు ప్రశ్నలు అడిగాడు: ఇంజను ఎవరిది, హ్యాండిలు పెట్టె ఎవరిది, పొడవెంత? కేబులు చివరి మర ఇంజనును బట్టి ఉంటుందట. ముప్పైమూడు సీ అనే రకం చాలా ఇంజనులకు సరిపోతుంది. కొన్ని అమెరికా ఇంజనులకు వాటి సొంత చివర్లు ఉంటాయి. పెద్ద పనికి నలభైమూడు సీ అనే లావు రకం. పాత కేబులు ముక్క తీసుకొని పోయినందువల్ల ఆయన మర కలిపి చూసి ముప్పైమూడు సీ రెండు చుట్టలు ఇచ్చాడు. పదకొండు అడుగులవి.

ఆదివారం వాటిని బిగించాము. పాత కేబులు తోకకు తాడు కట్టి, ఇవతలినుంచి లాగితే ఆ తాడు పక్కగోడలోపలి దారిలో నిలిచింది. ఆ తాడుకే కొత్తది కట్టి లాగాము. పడుగు అయిపోయిన బీముకు కొత్త బీము పోగులు అతికి లాగినట్లేనని బావ సంబరపడ్డాడు. అంతా బిగిసిన తరువాత స్టీరింగు ఎడమకు పూర్తిగా తిప్పి చూస్తే, ఇంజను తలతో పాటు కేబుళ్లు తీగెలాగా సాగి, హ్యాండిలు ముట్టుకోకుండానే వేగం కొక్కెం దానంతట అదే కదిలింది! మలుపులో పడవ తనంతట పరుగెత్తుతుందన్నమాట. బావ మా వంక చూశాడు. మేము పుస్తకం వంక చూశాము. అందులో స్పష్టంగా ఉన్నది: ఇంజను అటూ ఇటూ తిరగడానికీ, పైకి లేవడానికీ వెనుక వదులుగా ఒక చుట్టు ఉండాలనీ, దానికి మూడు నాలుగు అడుగులు కలుపుకోవాలనీ. ఆ పుట మేము చదివాము, ఆ వాక్యం దాటిపోయాము. టేపు కూడా దగ్గరి దారిన పట్టాము గాని కేబులు పోయే దారిన పట్టలేదు. ఇరవై యేళ్ళుగా ఇతరుల బిల్లులలో తప్పులు పట్టి బ్రతికే మాకు ఇది జరిగింది.

బావ ఒక్క మాట అనలేదు. తాండేల్ భార్య టీ తెచ్చింది. చెట్టుకొమ్మకు ముంత అట్లాగే వేలాడుతూ ఉన్నది. ఆ టీ మాకు దిగలేదు.

దుకాణంవాడు మంచివాడు, చివర్లు చెడలేదని చూసి, కొంత పట్టుకొని, పదిహేను అడుగులవి మార్చి ఇచ్చాడు. ఈసారి తాడు పట్టి, కేబులు పోయే దారి పొడుగునా ఒంపులతో సహా కొలిచి, వెనుక చుట్టు కలిపి, మూడుసార్లు సరిచూసి పోయాము. ఎక్కువ పొడవు తెచ్చినా ప్రమాదమే. అదనపు చుట్లు, అదనపు ఒంపులు, ప్రతి ఒంపు దగ్గరా చేతికి బరువు. ఒంపు కూడా ఎనిమిది అంగుళాల వ్యాసార్ధానికన్న ఇరుకు కారాదని పుస్తకంలో ఉన్నది. వ్యాసార్ధం అంటే బావకు తెలియలేదు, మాకు మరాఠీలో మాట రాలేదు. చివరికి తాండేల్ భార్య వాడే పెద్ద అన్నంతట్ట తెచ్చి, దాని అంచుకన్న ఇరుకుగా ఎక్కడా తిరగకూడదని చూపించాము. టాంకు మూలనున్న పాత మడత అప్పుడు అందరికీ అర్థమైంది. టాంకును జానెడు జరిపించాడు బావ.

బిగింపులో గేరు ముందు, వేగం తరువాత. బ్యాటరీ తీగ విప్పి, తాళంచెవి బావ జేబులో వేసుకున్నాడు. హ్యాండిలు నిటారుగా పెట్టి, ఇంజను న్యూట్రల్‌లో ఉంచి, చివరి మరను తిప్పుతూ కొక్కెం రంధ్రంతో సరిగ్గా కలిసేటట్లు చేశాడు. లాగి కలపరాదు, తోసి కలపరాదు. తనంతట వచ్చి కూర్చోవాలి. ముందు గేరు వేసి పంకా చేత్తో తిప్పించాడు, వెనుక గేరు వేసి తిప్పించాడు, న్యూట్రల్‌లో వదులుగా తిరుగుతున్నదా చూశాడు. గేరు సగం పడితే పళ్ళు అరిగిపోతాయి. వేగం కేబులు మాత్రం హ్యాండిలు వెనక్కు రాగానే కొక్కెం తన అడ్డుకు ఆనేటట్లు, వెంట్రుకవాసి బిగువుతో పెట్టాడు. పాత పిన్నులు మళ్ళీ పెట్టబోయిన తాండేల్ కొడుకును గద్దించి కొత్తవి వేయించాడు.

ఇంకొక సంగతి ఆనాడే బయటపడింది. ఇంజను ఆపే మీటకు ఒక ఎర్రతాడు ఉండాలి. దాని రెండవ కొస నడిపేవాని ఒంటికి తగిలించుకోవాలి. మనిషి పడినా, తాడు లాగినా ఇంజను ఆగిపోతుంది. మన పడవలో క్లిప్పు ఉన్నది గాని తాడు ఎవరో కోసివేశారు, కాళ్ళకు అడ్డం వస్తున్నదని. స్తంభం మీదికి పోతున్ననాడు తాండేల్ తాళంచెవి కోసం వంగిన ఆ రెండు మూడు క్షణాలు మాకు కళ్ళముందు మెదిలాయి. దుకాణంలో తాడుతోసహా క్లిప్పు దొరుకుతుందని మేము అనేలోపలే, తాండేల్ తానే రేపు పోయి తెస్తానన్నాడు, తెచ్చాడు కూడా.

నీళ్ళలో పరీక్షకు మేమందరమూ ఎక్కుతామంటే తాండేల్ ఒప్పుకోలేదు. 2024 డిసెంబరు 18న బొంబాయి రేవులో జరిగినది ఆయన మరచిపోలేదు. గేట్‌వేనుంచి ఎలిఫెంటాకు ప్రయాణికులతో పోతున్న నీల్‌కమల్ పడవను, ఇంజను పరీక్షలో ఉన్న నౌకాదళం స్పీడుబోటు ఒకటి వచ్చి గుద్దుకోగా పదిహేనుమంది చనిపోయారు. ఇంజను లోపంవల్ల బోటు అదుపు తప్పిందని నౌకాదళం ప్రకటించింది. “పరీక్ష అంటే ఖాళీ నీళ్ళలో, ఖాళీ పడవలో” అన్నాడు తాండేల్ మరాఠీలో. ముందు ఒడ్డుకు రెండు తాళ్ళతో కట్టి ముందు గేరు, వెనుక గేరు. తరువాత తాళ్ళు విప్పి కొడుకుతో పోయి, గొట్టాల స్తంభాలకు దూరంగా పదిసార్లు వేగం పెంచి పదిసార్లు దించాడు. చివరిసారి తాడు లాగి ఇంజను ఆపి చూపించాడు. ఒడ్డున బావ చెవి ఒగ్గి నిలబడ్డాడు, రాత్రిపూట కార్ఖానాలో నిలబడినట్లే.

ముంత చెట్టుకు కట్టిన ఇరవై మూడవ రోజున, ఉదయం పోటు నిండిన వేళకు, మళ్ళీ బయలుదేరాము. ఈసారి పిల్లలను తీసుకొనిపోలేదు. ఆడవాళ్ళలో మా అక్క ఒక్కతే వచ్చింది. తాండేల్ ఎర్రతాడు మణికట్టుకు తగిలించుకున్నాడు. గుర్రపుడెక్క తక్కువగా ఉన్నది. నడి ఖాడీలో హ్యాండిలు రెండు వేళ్ళతో వెనక్కు తీశాడు. ఇంజను గొంతు తగ్గి, టక్కుమని గేరు విడిచి, పడవ నీళ్ళమీద నిలిచినట్లే అయింది. అంత నిశ్శబ్దం మామ ఎప్పుడైనా విన్నాడో లేదో.

బావ ఎర్రగుడ్డ విప్పి, ముంత రెండు చేతులతో నీళ్ళకు ఆనించి వంచాడు. అక్క పసుపూ పూలూ వదిలింది. తాండేల్ టోపీ తీసి, సంచిలోనుంచి ఏదో తీసి నీళ్ళలో వేశాడు. చూస్తే పీత, బ్రతికి ఉన్నది.

తిరిగి వచ్చేటప్పుడు తాండేల్ ఎర్రతాడు తన చేతినుంచి విప్పి బావ మణికట్టుకు తగిలించి, హ్యాండిలు బావ చేతికి ఇచ్చాడు. బావ ముప్పై యేళ్ళ జాబరు గదా, ఒడ్డు దాకా నెమ్మదిగానే తీసుకొని వచ్చాడు. రేవు దగ్గర వెనుక గేరు వేసినప్పుడు మాత్రం కళ్ళు మూసుకున్నాడు; మేము చూశాము.